విరేచన మాత్రల వాడకంలో మెలకువలు

మలబద్ధకానికి మందుల దుకాణం నుండి నేరుగా తెచ్చుకొని వాడే మాత్రలలో బిసకోడిల్, సునాముఖి ఆకుతో తయారైనవి ముఖ్యమైనవి. ఇవి పెద్దప్రేగు గోడలోని నాడులను ప్రేరేపించి కండరాలను సంకోచింపజేస్తాయి. తెలుగు ఇళ్లలో తరతరాలుగా వాడుతున్న ఆముదమూ ఈ కోవకు చెందినదే. ఇంటి వైద్యమైనంత మాత్రాన అది నిరపాయకరం కాదు. గర్భిణులకు, పసిపిల్లలకు దానిని ఇవ్వరాదు.

5 మిల్లీగ్రాముల బిసకోడిల్ మాత్ర పనిచేయుటకు 6 నుండి 12 గంటలు పడుతుంది. అందువలననే రాత్రి పడుకోబోయే ముందు వేసుకొనవలసి ఉంటుంది. రెండు గంటలలో ఫలితం కనిపించలేదని మరొక మాత్ర మింగేవారు తెల్లవారుజామున తీవ్రమైన కడుపునొప్పితో బాధపడుతుంటారు. మాత్రపై గల పూత జీర్ణాశయంలో కరగకుండా ఉండుటకు దానిని నమలక, చూర్ణం చేయక మింగాలి. పాలకు, ఆమ్లహర మందులకు, ఈ మాత్రకు మధ్య కనీసం ఒక గంట వ్యవధి ఉండాలి.

వైద్యుని సలహా లేకుండా ఈ మందులను వారం రోజులకు మించి వాడరాదు. అతిగా వాడినచో నీటితో పాటు పొటాషియం కూడా శరీరం నుండి పోతుంది. కండరాల నీరసం, గుండె లయ తప్పడం దీని పర్యవసానాలు. రక్తపోటుకు మూత్రం జారీచేసే మందులు, గుండెజబ్బుకు డిగాక్సిన్ వాడే వృద్ధులలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

గట్టిగా విరేచనమైన తరువాత ప్రేగు ఖాళీ అగుటచే ఒకటి రెండు రోజులు మలవిసర్జన జరగకపోవడం సహజం. దీనినే మళ్లీ మలబద్ధకమని భావించి మరో మాత్ర వేసుకొనుటతో అలవాటు మొదలవుతుంది.

బరువు తగ్గుటకు ఈ మాత్రలు వాడటం నిష్ప్రయోజనం. ఆహారంలోని శక్తి చాలావరకు చిన్నప్రేగులోనే గ్రహింపబడుతుంది. మందు పనిచేసేది పెద్దప్రేగుపై. తూకంలో తగ్గేది నీరు మాత్రమే.

కడుపునొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం ఉన్నప్పుడు విరేచన మందు వేసుకొనడం అత్యంత ప్రమాదకరం. అపెండిక్స్ వాపు గాని, ప్రేగులో అడ్డంకి గాని ఉన్నట్లయితే ప్రేగు చిల్లుపడే అవకాశం ఉన్నది. అటువంటి రోగిని వెంటనే ఆసుపత్రికి తరలించాలి. మలంలో రక్తం కనిపించినా, నడివయసు దాటిన వారిలో మలవిసర్జన తీరు హఠాత్తుగా మారినా మాత్రలతో కాలయాపన చేయక పరీక్ష చేయించుకొనవలెను.

సాధారణ మలబద్ధకానికి తగినంత నీరు, పీచు గల ఆకుకూరలు, చిరుధాన్యాలు, నడక మొదటి చికిత్స. ఇసబ్‌గోల్ వాడేవారు ప్రతిసారీ నిండు గ్లాసు నీటితో తీసుకొనాలి. నీరు చాలనిచో అదే గొంతులోనో, ప్రేగులోనో అడ్డుపడుతుంది.