ర్యామ్ ఉంది, కానీ అందట్లేదు: 286 కంప్యూటర్‌కి 386 పెట్టిన కథ

ఈ ఎపిసోడ్ పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియా నుంచి. మా మామకి ఇక్కడ చిన్న వర్క్‌షాప్ ఉంది. స్ప్రింగులు టెస్ట్ చేసే మిషన్‌ని ఓ పాత 286 కంప్యూటర్ నడిపిస్తుంది. మిషన్ కార్డు ఐఎస్ఏ స్లాట్‌లోనే పడుతుంది, అందుకే కొత్త పీసీ పనికిరాదు.

ఫ్లాపీ డ్రైవ్ పోయింది. రిపోర్టులు బయటికి తీయడానికి నెట్‌వర్క్ కార్డు పెట్టాం. దాని డ్రైవర్ లోడ్ అయితే టెస్టింగ్ ప్రోగ్రామ్ "మెమరీ చాలదు" అని ఆగిపోతుంది. సో, డ్రైవర్ లేకుండా బూట్ చేసి టెస్ట్, మళ్లీ బూట్ చేసి కాపీ. రోజుకి పదిసార్లు ఇదే పని. ఆ ముసలి హార్డ్‌డిస్క్ ఎన్నాళ్లు తట్టుకుంటది? రిపోర్ట్ లేనిదే కస్టమర్ సరుకు తీసుకోడు.

తమాషా ఏంటంటే, అందులో 2 ఎంబీ ర్యామ్ ఉంది!

1981 నాటి ఐబీఎం పీసీలో 8088 ప్రాసెసర్. దానికి 20 అడ్రస్ లైన్లు, అంటే 1 ఎంబీ వరకే అందుతుంది. కింది 640 కేబీ ప్రోగ్రాములకి, పై 384 కేబీ స్క్రీన్, బయోస్, కార్డులకి. 1982లో వచ్చిన 286కి 24 లైన్లు, 16 ఎంబీ దాకా అందుతుంది. కానీ డాస్ ఆ పాత పద్ధతిలోనే నడుస్తుంది.

ఆ 384లో చాలా అడ్రస్‌లు ఖాళీ. ఇంటి నంబర్ ఉంది, ఇల్లు లేదన్నమాట. 386లో పేజింగ్ ఉంటుంది. అది వేరేచోట ఉన్న ర్యామ్‌ని తెచ్చి ఆ ఖాళీ నంబర్లకి తగిలిస్తుంది. 286కి సొంతంగా ఇది రాదు.

అప్పట్లో 286 సాకెట్‌లో పట్టే 386ఎస్ఎక్స్ మాడ్యూళ్లు వచ్చేవి, కింగ్‌స్టన్ ఎస్ఎక్స్/నౌ లాంటివి. అలాంటిదొకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. ముందు హార్డ్‌డిస్క్ మొత్తం బ్యాకప్ తీసి, తర్వాతే చిప్ మార్చాం. డాస్ 5లో హైమెమ్, ఈఎంఎం386 పెట్టి, నెట్‌వర్క్ డ్రైవర్‌ని 640 పైకి పంపాం.

ప్రోగ్రామ్ ఓపెన్ అయింది. కానీ రీడింగులన్నీ చెత్త! తప్పు నాదే. టెస్టింగ్ కార్డు వాడే అడ్రస్‌ని ఈఎంఎం386 ఖాళీ అనుకుని ఆక్రమించింది. ఆ జాగా ముట్టుకోవద్దని దాని లైన్‌లో రాశాక సెట్ అయింది. తూకం తెలిసిన స్ప్రింగ్‌తో మూడుసార్లు చెక్ చేశాకే మామ ఒప్పుకున్నాడు.

మీ ఫోన్‌లోనూ ఇదే కథ. 8 జీబీ ర్యామ్ ఉన్నా, 32-బిట్ యాప్‌కి 4 జీబీ మించి అడ్రస్ అందదు. ర్యామ్ ఎంతుంది అని అడగడం సగమే. ప్రాసెసర్, సాఫ్ట్‌వేర్ దాన్ని అందుకోగలవా అని కూడా అడగండి.