దొర గీసిన మసూలా పడవ

గోదావరిఖనిలో మాకు నీళ్లంటే గోదావరి. లేదా బొగ్గుబావిలోంచి పంపులు తోడిపోసే నీళ్లు. సముద్రం పుస్తకాల్లో చూడవలసిందే. అలా చూసిందే జార్జి చినరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు మద్రాసు తీరాన్ని గీసిన నీటిరంగుల బొమ్మ. అలల నురగ, కట్టుమరం, ఆ వెనక పొడుగాటి మసూలా పడవ.

1774లో లండనులో పుట్టిన చినరీ 1802 డిసెంబరులో మద్రాసులో దిగాడు. దొరల, దొరసానుల ముఖాలు గీసి పొట్ట పోసుకునేవాడు గాని, మనసంతా పడవల మీదా, పల్లెకారుల మీదా ఉండేది. (తరవాత అప్పులవాళ్లకు జడిసి మకావుకు పారిపోయాడు లెండి, 1852లో అక్కడే పోయాడు.)

ఆ రోజుల్లో మద్రాసుకు హార్బరు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. మనిషైనా మూటైనా ఓడ చేరాలంటే మసూలా పడవే గతి. ఆ పేరు మన మచిలీపట్నం నుంచే వచ్చిందని కొందరంటారు. చిత్రమేమంటే దానికి ఒక్క మేకూ ఉండదు. పలకలను కొబ్బరితాడుతో కుట్టేస్తారు. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు పగులుతుంది, కుట్టిన పడవ ఒళ్లు విరుచుకున్నట్టు సాగి తట్టుకుంటుంది. ఎవరైనా నీళ్లలో పడితే తీయడానికి పక్కనే కట్టుమరాలు వెళ్లేవి.

మా పక్కింటి పెద్దాయన బావిలో టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. బొమ్మ చూసి, "వంగే కట్టెను నమ్మొచ్చు, సారూ. వంగనిది చెప్పకుండ ఇరుగుతది" అన్నాడు. కప్పు కింద దుంగలు నిలబెట్టి, వాటి చప్పుడు వింటూ బతికిన మనిషి మాట అది.

ఈ బొమ్మ చూస్తే నాకు చినరీదే మరో చిత్రం గుర్తొస్తుంది. 1805లో మద్రాసులోనే గీసిన పెద్ద తైలవర్ణ చిత్రమది. హైదరాబాదు దర్బారు దుస్తుల్లో ఇద్దరు పసివాళ్లు: సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. నిజాం కొలువులో కంపెనీ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్‌కూ, ఖైరున్నీసాకూ పుట్టినవాళ్లు. పిల్లకు మూడేళ్లు, పిల్లవాడికి నాలుగు. చదువు పేరిట ఇంగ్లండుకు ప్రయాణం కట్టించారు. తల్లి హైదరాబాదులోనే ఉండిపోయింది.

పట్టుబట్టల చిత్రంలో సముద్రం ఊసే లేదు. వాళ్లను ఓడకు చేర్చింది మాత్రం ఇటువంటి కుట్టుపడవే అయివుండాలి. అప్పట్లో వేరే దారి లేదు. తల్లి చేయి లేకుండా ఆ అలల మీద వాళ్లెలా కూర్చున్నారో!

"మల్ల అమ్మను చూసిండ్రా?" అని అడిగాడు పెద్దాయన.

చూడలేదు. 1805 అక్టోబరులోనే తండ్రి కలకత్తాలో కన్నుమూశాడు. 1813లో తల్లి పోయింది. సాహెబ్ బేగం ఇంగ్లండులో కిట్టీ అయింది. రచయిత థామస్ కార్లైల్‌కు ఆమె బాగా తెలుసు. 1840 దాటాక, తెల్లజుట్టు వచ్చే వయసులో, హైదరాబాదులో ఇంకా బతికివున్న అమ్మమ్మకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది.