ఇంటా బయటా గెలిచారు

ఫుట్‌బాల్ క్లబ్బు ఈస్ట్ బెంగాల్ గెలిచిన సాయంత్రం కోల్‌కతా చేపల బజారులో ఇలిశ్‌కు గిరాకీ పెరుగుతుందంటారు. పుస్తెలమ్మైనా తినాలని మన గోదావరి జనం చెప్పుకునే పులసే అది. ప్రత్యర్థి మోహన్ బాగాన్ గెలిస్తే ఆ వైభోగం రొయ్యలది. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్‌ను, ఆ తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలు తమ క్లబ్బుగా గుండెకు హత్తుకున్నాయి. ఎరుపు, పసుపు జెర్సీ, మండే కాగడా గుర్తు, ఓడినా వదలని అభిమానులు. ఆ వదలకపోవడం ఎంత కష్టమో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది: పురుషుల జట్టు చివరిసారి జాతీయ లీగ్ గెలిచింది 2003-04లో. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఓటు హక్కు తెచ్చుకున్నారు గానీ క్లబ్బుకు మరో జాతీయ లీగ్ టైటిల్ రాలేదు. 2024-25 ఇండియన్ సూపర్ లీగ్‌లో కూడా పురుషుల జట్టు తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకుంది.

ఆ కరువు తీర్చింది మహిళల జట్టు. 2025 ఏప్రిల్ 18, గుడ్‌ఫ్రైడే. సియాల్దాలో లోకల్ రైలెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా వచ్చే కల్యాణి పట్టణంలో మ్యాచ్. ఎదురుగా ఉన్నది అంతకుముందు సీజన్ విజేత ఒడిశా ఎఫ్‌సీ. మొదటి సగంలో గోల్ పడలేదు. రెండో సగంలో సౌమ్య గుగులోత్ కొట్టిన గోల్ ఒక్కటే మ్యాచ్ మొత్తానికీ తేడా. 1-0. లీగ్ పూర్తిగా ముగియకముందే ఇండియన్ విమెన్స్ లీగ్ (ఐడబ్ల్యూఎల్) టైటిల్ ఈస్ట్ బెంగాల్ ఖాతాలో పడింది.

సౌమ్యది నిజామాబాద్ జిల్లా. ఇంటిపేరు చూడగానే బంజారా బిడ్డ అని తెలంగాణలో ఎవరైనా చెప్పేస్తారు. చిన్నప్పుడు పరుగు పందేల పిల్ల. ఆ వేగాన్ని గమనించిన స్థానిక కోచ్ ఆమెను ఫుట్‌బాల్ వైపు మళ్లించారు. వింగర్ అంటే మైదానం అంచు గీతను అంటిపెట్టుకుని పరిగెత్తే మనిషి. బంతి లేనప్పుడు కూడా పరిగెత్తాలి. డిఫెండర్‌ను తన వెంట లాక్కుపోయి మధ్యలో చోటు ఖాళీ చేయాలి. వందసార్లు పరిగెత్తితే తొంభైసార్లు బంతి రాదు, వచ్చిన పదిసార్లలో తప్పు చేయకూడదు. ట్రాక్ మీద నేర్చిన వేగం ఇక్కడ సగానికే పనికొస్తుంది. ఎప్పుడు ఆగాలో తెలియడం మిగతా సగం. ఆ సగం నేర్చుకోవడానికి ఆమె కేరళలోని గోకులం క్లబ్బుకు వెళ్లింది, అక్కడి నుంచి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది, చివరికి కోల్‌కతా చేరింది. ఆ సీజన్ ముగిశాక అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఏడాది ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే ఇచ్చింది. ఉత్తమ గోల్‌కీపర్‌గా పంతోయ్ చానూ, వర్ధమాన క్రీడాకారిణిగా తోయిబిసనా చానూ. ముగ్గురూ ఈస్ట్ బెంగాల్ వాళ్లే.

ఇంతవరకూ చెప్పింది హీరోయిన్ కథ. ఈ విజయంలో అసలు హీరో ఎవరంటే నేను క్యాలెండర్ పేరు చెబుతాను.

మన దేశంలో మహిళల లీగ్ మొదలైంది 2016-17లో. ఫైనల్స్ కోసం ఆరు జట్లను ఢిల్లీకి పిలిచి, మూడు వారాలైనా గడవకముందే ఆడించి పంపేశారు. కప్పు మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్‌ది. ఆ తర్వాత వేదికలు మారాయి గానీ పద్ధతి మారలేదు. షిల్లాంగ్, లూధియానా, బెంగళూరు, భువనేశ్వర్, అహ్మదాబాద్. లీగ్ అని పేరే గానీ, నిజానికది సంతలాంటిది: డేరాలు వేస్తారు, నాలుగు రోజులు సందడి, తర్వాత ఖాళీ మైదానం. వారం రోజుల్లో మూడు నాలుగు మ్యాచ్‌లు. కండరం పట్టేస్తే ఆ అమ్మాయికి ఏడాది మొత్తం పోయినట్టే. కోచ్ చూసి సరిదిద్దేలోపు జట్టు ఇంటికి టిక్కెట్లు కొనుక్కుంటుంది. ఊరు కాని ఊళ్లో ఆట కాబట్టి చూసేవాళ్లూ ఉండరు. మిగతా పది నెలలు ఏం చేయాలన్నది ఆ అమ్మాయి సొంత తలనొప్పి.

2023 డిసెంబరులో మొదలైన సీజన్ నుంచి ఇంటా బయటా ఆడే పద్ధతి వచ్చింది. తొలి ఏడాది ఏడు జట్లు. ఈస్ట్ బెంగాల్ ఆ ఏడాది పట్టికలో దిగువనే ఉండిపోయింది. రెండో ఏడాది ఎనిమిది జట్లు: కోల్‌కతా నుంచి ఈస్ట్ బెంగాల్, శ్రీభూమి, కేరళ నుంచి గోకులం, బెంగళూరు నుంచి కిక్‌స్టార్ట్, తమిళనాడు నుంచి సేతు, ఢిల్లీ నుంచి హాప్స్, ఒడిశా నుంచి ఒడిశా ఎఫ్‌సీ, నీతా అకాడమీ. ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. జనవరిలో మొదలైతే ఏప్రిల్ దాకా. ఇలాంటి లీగ్‌లో ఒక అద్భుతమైన సాయంత్రంతో కప్పు రాదు. చలిలో గెలవాలి, ఎండలో గెలవాలి, మలబారులో తెల్లవారుజామున విమానం దిగి వచ్చి మూడో రోజుకే మళ్లీ బూట్లు కట్టుకోవాలి. పదకొండు మందితో అది నడవదు. బెంచీ మీద కూర్చునే అమ్మాయి కూడా ఆడగలిగేదై ఉండాలి. ఈస్ట్ బెంగాల్ యాజమాన్యం ఈ సంగతి త్వరగా గ్రహించింది.

ముందు కోచ్‌ను తెచ్చుకుంది. గోకులానికి 2022, 2023లో వరుసగా టైటిళ్లు తెచ్చిపెట్టిన ఆంథోనీ ఆండ్రూస్‌ను. తర్వాత అనుభవానికి ఖర్చు పెట్టింది. భారత్ తరఫున వంద మ్యాచ్‌లాడిన తొలి మహిళ ఆశాలతా దేవి డిఫెన్స్‌లో, మిడ్‌ఫీల్డ్‌లో కల్యాణి అమ్మాయే అయిన సంగీతా బాస్‌ఫోర్, ముందు వరుసలో ఘనా నుంచి వచ్చిన ఎల్షడ్డాయ్ అచియాంపాంగ్. డబ్బుతో కప్పు కొన్నారని సణిగేవాళ్లు ఉంటారు. ఉండనివ్వండి. పురుషుల జట్టు మీద ఎన్నో ఏళ్లు ఎన్నో కోట్లు కుమ్మరించినా రాని కప్పు ఇక్కడొచ్చిందంటే, డబ్బును ఎక్కడ పెట్టాలో తెలిసిన బుర్ర కూడా ఉన్నట్టే కదా.

ఆండ్రూస్ కథలో ఒక పాత గాయం ఉంది. 2022 ఆగస్టులో ఆయన గోకులం జట్టుతో ఆసియా క్లబ్ టోర్నీ ఆడటానికి ఉజ్బెకిస్తాన్ వెళ్లారు. జట్టు తాష్కెంట్‌లో దిగింది. సరిగ్గా అప్పుడే, సమాఖ్య వ్యవహారాల్లో బయటివాళ్ల జోక్యం ఎక్కువైందంటూ ఫిఫా భారత్‌ను సస్పెండ్ చేసింది. ఆ గొడవతో ఏ సంబంధమూ లేని అమ్మాయిలు హోటల్ గదుల్లో చిక్కుకుపోయారు. క్లబ్బు ప్రధానికి మొరపెట్టుకుంది, క్రీడాశాఖ ఫిఫాకు లేఖ రాసింది. అయినా లాభం లేకపోయింది. ఆగస్టు 23న సొగ్దియానాతో, 26న ఇరాన్ జట్టు బామ్ ఖాతూన్‌తో ఆడాల్సిన మ్యాచ్‌లు రెండూ పోయాయి. విచిత్రం చూడండి, సస్పెన్షన్ ఎత్తేసింది ఆ 26నే. సెప్టెంబరులో మ్యాచ్ ఉన్న మోహన్ బాగాన్ పురుషుల జట్టు నిక్షేపంగా ఆడుకుంది. పెద్దల కుర్చీల తగాదాలో నష్టపోయింది మాత్రం కిట్‌బ్యాగులు విప్పకుండానే తిరుగు విమానమెక్కిన అమ్మాయిలు.

మూడేళ్ల తర్వాత ఆ బాకీ తీరింది. ఐడబ్ల్యూఎల్ విజేతగా ఈస్ట్ బెంగాల్‌కు ఆసియా మహిళల చాంపియన్స్ లీగ్ అర్హత పోటీల్లో చోటు దొరికింది. 2025 ఆగస్టులో కంబోడియా రాజధాని నాంపెన్‌లో స్థానిక జట్టును 1-0తో ఓడించి, హాంకాంగ్‌కు చెందిన కిట్చీతో 1-1తో డ్రా చేసుకుని గ్రూప్ దశకు చేరింది. నవంబరులో చైనాలోని వుహాన్‌లో తొలి మ్యాచ్ ఎవరితోననుకున్నారు? అదే బామ్ ఖాతూన్. శిల్కీ దేవి నాలుగో నిమిషంలోనే గోల్ కొట్టింది. చివరికి 3-1. ఆ రోజు కూడా కోచ్ ఆండ్రూసే. తర్వాత ఆతిథ్య వుహాన్ జట్టు చేతిలో, ఉజ్బెక్ జట్టు నసాఫ్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టారు. ఆసియా స్థాయికి మనమింకా ఎంత దూరంలో ఉన్నామో ఆ రెండు ఓటములు చెప్పేశాయి. అయినా ఆడి ఓడటం వేరు, హోటల్ గదిలో కూర్చుని ఓడటం వేరు.

లీగ్ పొడుగు జాతీయ జట్టుకూ పనికొచ్చింది. 2025 జూలై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఆతిథ్య జట్టును భారత్ 2-1తో ఓడించింది. అర్హత పోటీల్లో గెలిచి ఆసియా కప్‌కు వెళ్లడం మన మహిళలకు అదే మొదటిసారి. ఆ రెండు గోల్స్ సంగీతా బాస్‌ఫోర్‌వే. అప్పటి జాతీయ కోచ్ క్రిస్పిన్ ఛెత్రి అంతకుముందు 2023-24లో ఒడిశాకు ఐడబ్ల్యూఎల్ టైటిల్ సాధించిపెట్టిన కోచ్.

ఆ ఒడిశా గతి ఏమైందో కూడా చెప్పాలి. టైటిల్ గెలిచిన మరుసటి ఏడే పట్టిక దిగువకు జారి, హాప్స్‌తో పాటు దిగువ డివిజన్‌కు పడిపోయింది. ఇలా ఒక్క ఏడాదిలో మేడ మీంచి వీధిలోకి రావడానికి మైదానంలో ఆట ఒక్కటే కారణమై ఉండదు. మన దేశంలో మహిళల జట్టంటే చాలా క్లబ్బులకు ఇప్పటికీ పురుషుల జట్టు బడ్జెట్‌లో మిగిలిన చిల్లర. మరోవైపు రన్నరప్ గోకులం తరఫున ఆ సీజన్లో 24 గోల్స్ కొట్టి లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచిన ఉగాండా స్ట్రైకర్ ఫజీలా ఇక్వాపుట్‌ను సీజన్ ముగియగానే ఈస్ట్ బెంగాల్ తనవైపు తిప్పుకుంది. నాంపెన్‌లో గోల్, వుహాన్‌లో గోల్. కలిగినమ్మకే కలుగుతుందని ఊరికే అనలేదు.

ఇక ఈ కథలో నన్ను కలవరపెట్టేది. 2025 డిసెంబరులో కొత్త సీజన్ మొదలైంది. సమాఖ్య డబ్బు ఇబ్బందుల మధ్య మళ్లీ పాత పద్ధతి: జట్లన్నీ కోల్‌కతా చుట్టుపక్కలే చేరి ఆడటం. ఈస్ట్ బెంగాల్ అభిమానులకు ఇంటి ముందే పండగ. కోళికోడ్ అభిమాని, బెంగళూరు అభిమాని తమ జట్టును ఫోనులో చూసుకోవాల్సి వచ్చింది. రెండేళ్లు కష్టపడి పేర్చిన ఇటుకల్ని ఇంత తేలిగ్గా పీకేయడం మన దగ్గరే సాధ్యం.

పైన రాసిన ఎనిమిది జట్ల పేర్లలో తెలుగు ఊరు ఒక్కటీ లేదని మీరు గమనించే ఉంటారు. ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ పుట్టిన హైదరాబాద్ మనది. ఆయన శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీస్ దాకా వెళ్లింది. ఆ ఊళ్లో ఒక అమ్మాయి బాగా ఆడితే ఇవాళ మనం చేయగలిగింది రైలెక్కించడమే. చేయాలంటే దారి ఉంది. దిగువ డివిజన్‌లో తొలి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు పైకి వస్తాయి. గఢ్వాల్ యునైటెడ్, గోవాకు చెందిన సేసా అకాడమీ 2025లో అలాగే వచ్చాయి. పై లీగ్‌లో క్లబ్బుకు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి రూ.3.2 లక్షల చొప్పున జీతం ఇవ్వాలని సమాఖ్య 2023లో నియమం పెట్టింది. మొత్తం 32 లక్షలు. ప్రయాణాలు, కోచ్‌లు, ఫిజియో, విదేశీ క్రీడాకారిణులు అదనం. అన్నీ కలిపినా ఐపీఎల్ వేలంలో ఒక మోస్తరు ఆటగాడి ధర కూడా కాదు. మన దగ్గర ఆ మాత్రం డబ్బున్నవాళ్లకు కొదవ లేదు. ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చేవాళ్లూ ఉన్నారు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టేవాళ్లే ఇంకా దొరకలేదు.