ఎగ్జిమాకు ఆక్యుపంక్చర్: సూదులతో దురద ఎంత తగ్గుతుంది?

ఎగ్జిమా ఉన్న పిల్లల మోచేతి మడత దగ్గర చర్మం దళసరిగా, గరుకుగా మారి గోళ్ల గీతలతో నిండి ఉంటుంది. రాత్రిళ్లు వాళ్లు గోక్కుంటుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. స్టెరాయిడ్ క్రీమంటే భయం, ఆపేస్తే మళ్లీ మొదలు. అలాంటప్పుడు ‘ఆక్యుపంక్చర్ చేయించండి, సైడ్ ఎఫెక్టులు ఉండవు’ అని ఎవరైనా అంటే ఆశ పుట్టడం సహజం. డబ్బు కట్టే ముందు కొన్ని అంకెలు చూద్దాం.

జర్మనీలోని మ్యూనిక్ పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎగ్జిమా ఉన్న 30 మంది పెద్దవాళ్లకు అలెర్జీ పదార్థంతో కావాలనే దురద పుట్టించి, అది ఎంతుందో 0 నుంచి 100 లోపు చెప్పమన్నారు. సూదులేవీ లేనప్పుడు సగటు 45.9 వచ్చింది. చైనా వైద్యం చెప్పే చోట్ల, అంటే మోచేతి మడత బయటి చివర, మోకాలి పైన గుచ్చినప్పుడు 35.7కి దిగింది.

పది మార్కులు తగ్గాయి కదా అనిపిస్తుంది. అయితే వాళ్లు మూడో పరీక్ష కూడా చేశారు. దురదతో సంబంధం లేని చోట్ల ఉత్తుత్తిగా గుచ్చారు. దీన్నే ప్లాసిబో అంటారు, అంటే చికిత్సలా కనిపించే ఉత్తుత్తి చికిత్స. అప్పుడు సగటు 40.4. మొత్తం తగ్గుదలను ఒక రూపాయి అనుకుంటే, అందులో 54 పైసలు ఎక్కడ గుచ్చినా దక్కినవే. సరైన చోటు చూసి గుచ్చినందుకు అదనంగా వచ్చింది 46 పైసలు. అది సున్నా కాదు, కొట్టిపారేయడానికి లేదు. కానీ అక్కడ కొలిచింది ల్యాబులో పుట్టించిన దురదను, అదీ కొన్ని నిమిషాలపాటు. నెలల తరబడి వేధించే మచ్చలు మానాయా లేదా అన్నది అందులో తేలే సంగతి కాదు.

మరి పెద్ద అధ్యయనాలు లేవా? 2020లో వచ్చిన ఒక సమీక్ష 8 పరీక్షలను కలిపి చూసింది. అందరూ కలిసి 434 మంది, అంటే పరీక్షకు సగటున 54 మంది. ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నా, ఇంత తక్కువ మందిని చూసి గట్టిగా చెప్పడం కష్టం.

‘ప్రభుత్వమే గుర్తించింది కదా’ అనే వారుంటారు. నిజమే, 2019లో కేంద్రం ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది. అయితే ఆ గుర్తింపు వృత్తికి ఇచ్చింది. ఎగ్జిమాకు అది పనిచేస్తుందని ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మరొకటి. సూదుల కోసం తిరిగే ఇళ్లలో మాయిశ్చరైజర్, అంటే చర్మంలో తేమను పట్టి ఉంచే క్రీమ్, సరిపడా రాయడం చాలా అరుదు. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం ఎగ్జిమా ఉన్న పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాములు కావాలి. తక్కువలో తక్కువ చూసినా నెలకు కిలో! 100 గ్రాముల ట్యూబు మూడు రోజులు కూడా రాదు. అదే ట్యూబును మనం నెలంతా సర్దుకుని, ‘క్రీములు పనిచేయలేదు’ అనేస్తాం. సిటింగుకు 500 రూపాయల చొప్పున 8 సిటింగులంటే 4,000 రూపాయలు. అంత పెట్టగలిగినవాళ్లు ముందు ఆ డబ్బుతో పెద్ద డబ్బా కొని, స్నానం కాగానే ఒళ్లు తడి అద్దుకుని ధారాళంగా రాయమంటాను.

కొబ్బరి నూనె సంగతి? ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లలపై 8 వారాల పరీక్షలో వర్జిన్ కొబ్బరి నూనె, మినరల్ ఆయిల్ కంటే మెరుగ్గా పనిచేసింది. పడేవాళ్లు వాడుకోవచ్చు.

ఇవన్నీ చేస్తూ, డాక్టరు ఇచ్చిన మందు ఆపకుండా సూదులు కూడా వేయించుకుంటానంటే తప్పు లేదు. ఒకసారి వాడి పారేసే సూదుల ప్యాకెట్‌ను మీ కళ్ల ముందే విప్పమనండి. ఎగ్జిమా మచ్చల మీద పరీక్షిస్తే వందలో 70 మందికి స్టాఫ్ అనే బ్యాక్టీరియా కనిపిస్తుంది, కాబట్టి రసి కారే చోట, పగిలిన చోట గుచ్చనివ్వకండి. మొదలుపెట్టే ముందు రెండు వారాలు, తర్వాత నాలుగు వారాలు, ప్రతి రాత్రీ దురదకు పదికి ఎన్ని మార్కులో క్యాలెండరు మీద రాసుకోండి. తేడా కనిపించకపోతే ఐదో వారానికి డబ్బు కట్టకండి.