రెండు లైన్లున్నను పని ఎందుకు ఆగినది?

నేడు మన సంఘములలో నూలు ఇండెంటు మొదలు కూలి చెల్లింపు వరకు ఇంటర్నెట్ మీదనే జరుగుచున్నది. నెలవారీ రిటర్ను దాఖలు చేయువారికి జి.ఎస్.టి.ఆర్. 3బి గడువు మరుసటి నెల 20వ తేదీ. ఇట్టి పనులు ఆగరాదని మేము రెండు కంపెనీల లైన్లు తీసికొంటిమి. అయినను ఒక శనివారము కూలి పంపువేళకు పని నిలిచిపోయి, సభ్యులు సాయంకాలము వరకు అరుగు మీద వేచియుండిరి. తప్పు మేము లైన్లను అమర్చిన తీరులోనే ఉన్నది. తోడి సంఘములకు ఉపయోగపడునని ఆ సంగతి వ్రాయుచున్నాము.

మేము రెండు మోడెములను ఒకే స్విచ్చికి తగిలించితిమి. రెండింటి చిరునామాయు 192.168.1.1. రెండును కంప్యూటర్లకు చిరునామాలు పంచసాగినవి. ఏ కంప్యూటరు ఏ దారిన పోవునో తెలియకపోయెను. లైన్లు రెండుండవచ్చును గాని కార్యాలయమునకు ద్వారము ఒక్కటే ఉండవలెను. డ్యూయల్ వాన్ రౌటరు అనునది అట్టి ద్వారము. మోడెములు రెండును దానికే తగిలించి, కంప్యూటర్లన్నిటిని దాని వెనుక ఉంచవలెను. ఒక మోడెమునకు 192.168.1.1, రెండవదానికి 192.168.2.1, లోపలి వైపు రౌటరునకు 192.168.10.1 అని వేర్వేరుగా ఇచ్చిన పేచీ ఉండదు.

మోడెము దీపము వెలుగుచున్నదని లైను ఉన్నట్లు నమ్మరాదు. నాడె ఆడుచునే యుండును, కండెలో నూలు అయిపోయి యుండును. కనుక రౌటరు పక్కనున్న మోడెమును గాక 8.8.8.8, 1.1.1.1 వంటి దూరపు చిరునామాలను పిలిచి చూచునట్లు పెట్టవలెను. ఐదు సెకండ్లకొకసారి పిలిచి, మూడుసార్లు జవాబు రాకున్న రెండవ లైనునకు మారవలెను. మొదటి లైను తిరిగి వచ్చినను ఐదు నిమిషములు నిలకడ చూచిన పిమ్మటనే మరలవలెను. లేనిచో అటునిటు ఊగుచుండును.

రెండు లైన్లను ఒకేసారి వాడు పద్ధతియు కలదు. కాని మధ్యలో చిరునామా మారినచో కొన్ని బ్యాంకు సైట్లు మనలను బయటకు పంపివేయును. చిన్న కార్యాలయమునకు ఒకటి పని చేయుట, మరొకటి కాచుకొనియుండుట మేలు.

ముఖ్యముగా గుమాస్తాలు ఒకటి గుర్తుంచుకొనవలెను. లైను మారునప్పుడు నడుచుచున్న పని తెగును. కూలి పంపుచుండగా తెగినచో వెంటనే మరల పంపరాదు. ఖాతా చూచి, సొమ్ము పోలేదని తేలిన పిమ్మటనే పంపవలెను. రెండుసార్లు పోయిన కూలిని నేతగాని ఇంటికి వెళ్లి తిరిగి అడుగుట ఎవరికిని మంచిది కాదు.

రెండు తీగలును ఒకే స్తంభము మీదుగా వచ్చుచున్నచో, ఆ స్తంభము కూలిన నాడు రెండును పోవును. ఒకటి తీగ లైను, మరొకటి సెల్ సిమ్ము లైను అయిన మంచిది. మోడెములకు, రౌటరునకు యు.పి.ఎస్. తప్పనిసరి.

ప్రతి నెల మొదటి వారమున, చెల్లింపులు లేని వేళ, మొదటి లైను తీగను చేతితో ఊడదీసి రెండవది అందుకొనుచున్నదో లేదో చూచి పుస్తకములో వ్రాయవలెను. మేము ఈ పరీక్ష మొదలుపెట్టిన తరువాత శనివారపు కూలి శనివారమే అందుచున్నది.