కౌలుకి సాక్ష్యమేది?

గోదావరి డెల్టాలో చాలాచోట్ల భూమి ఒకరిది, సేద్యం ఇంకొకరిది. ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) నీళ్లతో మాగాణి అయిన పొలాల్లో తరతరాలు పాలేర్లుగా, కూలీలుగా బతికిన మాల మాదిగల్లో ఎంతోమంది ఇవాళ కౌలుదార్లు. పాలేరు కౌలు రైతయితే పైమెట్టు ఎక్కినట్టే కనిపిస్తుంది. కానీ ఆ కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. ఎకరాకు ఇన్ని బస్తాలని ఆసామి వాకిట్లో అనుకుంటారు. కాగితం ఉండదు. చట్టం చదివే మనం ముందుగా గమనించాల్సింది ఇదే.

1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం మాటల్లో గట్టిదే. 1974 సవరణతో కలిపి చూస్తే, కౌలు రాతలో ఉండాలంది. కనీసం ఆరేళ్లు సాగాలంది. భూమి అమ్మేటప్పుడు ముందు కౌలుదారునే అడగాలంది. బాధ్యతలూ పెట్టింది. కౌలు గడువులోగా చెల్లించాలి, భూమిని పాడు చెయ్యకూడదు, మారుకౌలుకి ఇవ్వకూడదు. కౌలుదారు తప్పితే ఆసామి స్పెషల్ ఆఫీసరు దగ్గరికి వెళ్లాలే గాని తనంతట తాను వెళ్లగొట్టకూడదు.

మరి ఊళ్లో జరిగిందేమిటి? కాగితం రాస్తే కౌలుదారు పాతుకుపోతాడని భూస్వాములు రాయడమే మానేశారు. రసీదు ఇవ్వలేదు. ఏడాదికో రెండేళ్లకో మనిషిని మార్చారు. చట్టంలో ఆరేళ్లు, పొలంలో ఒక్క ఏడు!

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. అదే ఏడాది భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. గ్రామసభలో విచారించి రెవెన్యూవాళ్లు ఏడాది రుణ అర్హత కార్డు ఇవ్వాలి. ఆసామి సంతకం అక్కర్లేదు. ఈ కార్డుతో భూమి మీద హక్కు రాదని కూడా చట్టమే చెప్పింది. అయినా అదే పొలం మీద ఆసామి అప్పటికే అప్పు తీసుకుని ఉంటే, కార్డు పట్టుకెళ్లినవాడు బ్యాంకు నుంచి ఉత్తచేతులతో రావాల్సి వచ్చేది.

2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. ఒప్పందం 11 నెలలు. భూమి హక్కు యజమానిదే. పంట రుణం, బీమా, నష్టపరిహారం సాగుదారువి. చూడటానికి న్యాయంగానే ఉంది. కానీ కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. ఆసామి ఎదుట కూర్చుని మాట్లాడలేనివాడు సంతకం ఎట్లా అడుగుతాడు? అడిగితే వచ్చే ఏడు పొలం ఉండదని పేటలో అందరికీ తెలుసు.

దీని ఖరీదు పంట మునిగినప్పుడు తెలుస్తుంది. అప్పు చేసి విత్తనం, ఎరువు పెట్టింది కౌలుదారు. పాసుపుస్తకంలో పేరు ఆసామిది. పరిహారం పేరు వెంట పోతుంది, అప్పు మనిషి వెంట పోతుంది. మక్తా కౌలయితే పంట పోయినా బస్తాలు కొలవాల్సిందే.

కాబట్టి కార్యకర్తలు చెయ్యాల్సిన పని ఉంది. కౌలు కట్టినప్పుడల్లా చిన్న చీటీ అయినా రాయించాలి. ఈ-పంట నమోదులో దున్నేవాడి పేరే ఎక్కించమని పట్టుబట్టాలి. ఒక్కడిగా కాదు, పేటంతా కలిసి అడగాలి. ఎవరు దున్నుతున్నారో ఊరందరికీ తెలుసు. ఆసామి సంతకం లేనిచోట ఊరి సాక్ష్యం చెల్లాలి. 2011 చట్టం ఒప్పుకున్న ఈ చిన్న సూత్రాన్ని మళ్లీ సాధించుకోకపోతే, ఎన్ని చట్టాలొచ్చినా కౌలుదారుకి మిగిలేది బాధ్యతలే.