చక్రానికీ ఓ కాలం ఉంది

మంచుకీ మనకీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. నిజమే. ధనుర్మాసంలో తెల్లవారుజామున గడ్డిపరకల మీద మెరిసే మంచు బిందువులు తప్ప మరో మంచు నేనెరుగను. అయినా ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం ఉంది.

మా అన్నయ్య కెనడాలోని మాంట్రియల్ నగరంలో చదువుకుంటున్నాడు. 2023లో ఒక పాత టొయోటా కరోలా కారు కొన్నాడు. ఆ నవంబరు చివర, మొదటిసారి మంచు పడిన సాయంత్రం, ఎర్ర దీపం చూసి బ్రేకు వేస్తే కారు ఆగలేదట. జారుకుంటూ పోయి నాలుగు రోడ్ల కూడలి మధ్యలో నిలబడింది. ఆ క్షణంలో అడ్డంగా ఏ లారీ రాకపోవడం మా అదృష్టం. "అమ్మకి చెప్పకురా. నువ్వు ఫిజిక్సు చదువుతున్నావుగా, ఏ టైర్లు వేయించాలో కాస్త లెక్క చూసి చెప్పు" అని ఫోను చేశాడు. మార్కుల కోసం బట్టీ పట్టిన ఘర్షణ పాఠం ఆ రాత్రి నాకు మొదటిసారి అర్థమైంది.

లెక్క మనందరికీ తెలిసిందే. బ్రేకు పట్టిన తర్వాత బండి ఆగే దూరం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ఘర్షణ గుణకాన్ని బట్టి తగ్గుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగం తీసుకుందాం. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే కారు దాదాపు 12 మీటర్లలో ఆగాలి. అణిగిన మంచు మీద 0.2 అనుకుంటే 49 మీటర్లు కావాలి. గట్టి ఐసు మీద 0.1 అనుకుంటే 98 మీటర్లు! ఇంజను ఎంత గొప్పదైనా, బ్రేకులు ఎంత కొత్తవైనా రోడ్డును పట్టుకునేది టైరు ఒక్కటే. చలికాలపు టైరు ఆ 0.2ను 0.3 చేయగలిగితే 49 మీటర్లు 33కు దిగుతాయి. ఆ పదహారు మీటర్లలోనే ఒక ప్రాణం ఉండవచ్చు.

ఈ టైరులో అంత విశేషం ఏమిటి? మొదటిది రబ్బరు. మామూలు వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువన గట్టిపడడం మొదలవుతుంది. గట్టిపడ్డ రబ్బరు రోడ్డు గరుకులోకి ఒదగదు. చలికాలపు టైరు మిశ్రమం గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండేట్లు తయారవుతుంది. రెండోది గాళ్లు. అవి లోతుగా ఉండి మంచును కరిచి పట్టుకుంటాయి. మంచుకు మంచు అంటుకుంటుంది గనుక, గాళ్లలో ఇరుక్కున్న మంచు కూడా పట్టునిస్తుంది. పైగా ఒక్కొక్క దిమ్మ మీద కత్తితో కోసినట్లు సన్నని గాట్లు వందల కొద్దీ ఉంటాయి.

కొనేటప్పుడు టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు ఉన్న బొమ్మ కోసం వెతకాలి. మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకే ఆ గుర్తు వేస్తారు. ఎం, ఎస్ అనే అక్షరాలు మాత్రమే ఉంటే గాళ్ల తీరు గురించి చెప్పడమే తప్ప పరీక్షకు హామీ లేదు.

ఇక సైజు. 195/65 ఆర్15 91టి అని ఉందనుకోండి. 195 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్. 15 అంటే అంగుళాలలో రిమ్ము వ్యాసం. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదు. టి అంటే గంటకు 190 కిలోమీటర్లకు మించరాదు.

అన్నయ్య కారుకు ఉన్నవి 205/55 ఆర్16. దాని మొత్తం వ్యాసం 631.9 మిల్లీమీటర్లు. 195/65 ఆర్15 వ్యాసం 634.5. తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. కాబట్టి స్పీడోమీటరు అబద్ధం చెప్పదు. చిన్న రిమ్ము మీద సన్నని టైరు చవకగానూ వస్తుంది, లోతు మంచును కోసుకుని కింద నేలను అందుకుంటుంది కూడా. అయితే చిన్న రిమ్ములో బ్రేకు భాగాలు పడతాయో లేదో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. అన్నయ్య చూశాడు, పడతాయి.

అసలు పేచీ ఇక్కడ వచ్చింది. ఒక పాత టైర్ల దుకాణదారుడు "ముందు చక్రాలే కదా కారును లాగేది, రెండు వేస్తే చాలు" అని చవకలో రెండు చూపించాడట. గాళ్లు బాగానే ఉన్నాయి. తయారీ తేదీ చదవమన్నాను. 1216 అని ఉంది. అంటే 2016లో పన్నెండో వారం. ఏడేళ్ల రబ్బరు! గాళ్లు అరగకపోయినా రబ్బరు ముదిరిపోతుంది. నేను లెక్క చెబుతూ ఉండగా వెనక నిలబడి నాన్న అంతా విన్నారు. ఫోను లాక్కున్నారు.

"ఒరేయ్ పెద్దోడా, దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఒక పక్క ఇనుప చక్రం, ఒక పక్క టైరు వేస్తామట్రా? నాలుగూ వేయించు. ధాన్యం డబ్బులు వస్తాయిలే."

నాన్న ఏడో తరగతితో చదువు ఆపేశారు. కానీ ఆయన చెప్పింది సరిగ్గా సరిపోయింది. ముందు చక్రాలకు మాత్రమే పట్టు ఉంటే, మలుపులో బ్రేకు వేసినప్పుడు వెనక భాగం పక్కకు విసిరినట్లు తిరిగిపోతుంది. నాలుగూ ఒకే రకం కావాలి. దమ్ము చక్రాలతో తారు రోడ్డు ఎక్కకూడదన్నట్లే, చలికాలపు టైర్లను ఎండాకాలం తిప్పినా త్వరగా అరిగిపోతాయి. గాళ్ల లోతు 4 మిల్లీమీటర్లకు దిగితే మంచు మీద వాటిని నమ్మరాదు. చలికి గాలి పీడనం కూడా పడిపోతుంది. 20 డిగ్రీల దగ్గర 33 పౌండ్లు కొట్టిన గాలి మైనస్ 10 దగ్గర 28కి వస్తుంది. ఇదీ మన గ్యాసు నియమమే!

క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు ఈ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. 2008లో చట్టం మొదలైనప్పుడు డిసెంబరు 15 నుండి ఉండేది, 2019లో ముందుకు జరిపారు. అన్నయ్య చట్టం తేదీ చూసుకుని ఇంకా వారం ఉందనుకున్నాడు. మంచు మాత్రం తేదీ చూసుకోలేదు. తొలకరి కోసం పంచాంగం చూసినా, మబ్బును కూడా చూసే రైతు ఇంట పుట్టినవాడు ఆ ఒక్క సంగతి మరిచాడు.

నాలుగు టైర్లూ వేయించాడు. అమ్మకు సంగతి సంక్రాంతికి తెలిసింది. నాకూ, నాన్నకూ తిట్లు పడ్డాయి.

మిత్రులారా, మనకు మంచు లేదు, వాన ఉంది. ఈ సంచిక మూసి బయటికి వెళ్లినప్పుడు మీ మోటారు సైకిలు టైరు దగ్గర ఒకసారి కూర్చోండి. ఆ చివరి నాలుగు అంకెలు చదవండి. గాళ్ల లోతు వేలితో తడిమి చూడండి. ఘర్షణ పాఠం పరీక్షలో వచ్చినా రాకపోయినా రోడ్డు మీద రోజూ వస్తుంది.